రేకుల మీద పన్ను

ఓంప్రకాశ్ నోట్లో చీమంత పుట్టిన మాట బయట పడేసరికి ఏనుగంత అయ్యేది. దుబాయి ఎండకు హెల్మెట్‌లోనే అన్నం వండుకున్నానని చెప్పి, మాడిన మెతుకు కూడా చూపించబోయేవాడు. అక్కడ నేర్చిన ఇంగ్లిష్ ఉందని, కాగజ్‌నగర్ అవతల అడవి అంచు బడిలో పళ్ల వైద్యం క్యాంపుకు దుబాసీగా కరీంనగర్ నుంచి అతన్ని పిలిపించారు. హాలండ్ నుంచి సొంత ఖర్చుతో వారం రోజులకని వచ్చిన పళ్ల డాక్టర్ హన్నాకు తెలుగు ముక్క రాదు మరి.

మొదటిరోజే పిల్లలు పీకిన పళ్ల కోసం చేతులు చాపారు. పాలపన్ను ఇంటి కప్పు మీదికి విసిరితేనే కదా కొత్తది మొలిచేది! రక్తం అంటినవి ఇవ్వకూడదంటూ హన్నా వాటిని ఎర్ర డబ్బాలో వేసి మూత బిగించింది. ఆ మాటే చెబితే సరిపోయేది. ఓంప్రకాశ్‌కు అది చప్పగా తోచింది.

"మీ పండ్లు మేడం దేశం పోతయి పిల్లలూ! ఆడ మంచుల పాతిపెడ్తది. ఇగ మీరు నవ్వాలన్నా, ఏడ్వాలన్నా ఆమె మంత్రమెయ్యాలె!"

పిల్లలు రెండు చేతులతో నోళ్లు మూసుకున్నారు. అతనికి భలే ముచ్చటేసింది.

ఆ మాట పిల్లల వెంట ఇంటింటికీ పాకింది. మూడోనాటికి మంజుల అనే పిల్లకు పన్ను పీకినచోట చీము పట్టి, దవడ గుమ్మడికాయలా వాచింది. తండ్రి లచ్చయ్య బడి గేటు తన్ని లోపలికొచ్చాడు. వెనక నాయనమ్మ భూమవ్వ చంకలో పిల్ల, ఆ వెనక కట్టెలతో ఊరు. లచ్చయ్య చేతిలో పట్కారు. బాణామతి చేసే మనిషి పళ్లు పీకితే మంత్రం పలకదని వాళ్ల నమ్మకం.

హన్నాను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. పెదవి చిట్లింది. అడ్డుపడిన బడి పంతులు తల మీద కట్టె విరిగింది. ఎవరో హన్నా ముక్కు మూశారు. ఊపిరాడక నోరు తెరిచింది. పట్కారు లోపలికి పోయింది.

"జర ఆగు లచ్చన్నా! గా మంచు ముచ్చట ఉత్తదే. నేనే అల్లిన!" అంటూ ఓంప్రకాశ్ ఉరికొచ్చాడు.

"మొన్న గట్లంటివి, ఇయ్యాల గిట్లంటివి. నీ నోటికి మొక్కాలె!" అంది భూమవ్వ.

జీవితంలో మొదటిసారి నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఓంప్రకాశ్ తనకొచ్చిన పనే చేశాడు.

"ఆమెకు మన మాటే రాదు, మంత్రమేడికెళ్లి వస్తదిరా? మంత్రం నాది! దుబాయిల నేర్చిన. ముట్టుకుంటే మీ నాలికెలు రాలుతయి!"

ఇది నమ్మారు. హన్నాను వదిలేసి అతని మీద పడ్డారు. పక్కటెముకల్లో తన్నులు, చేతుల మీద మోకాళ్లు. మొదటి పన్ను సగానికి విరిగింది. రెండోది వేరుతో సహా వచ్చింది. దుబాయి దాకా వినబడేలా అరిచాడు, ఇందులో మాత్రం అబద్ధం లేదు.

"సదువు ఇప్పుడు మంత్రం," అన్నాడు లచ్చయ్య రొప్పుతూ.

ఓంప్రకాశ్ నోట్లోంచి రక్తపు బుడగలే వచ్చాయి. ఊరికి తృప్తి కలిగింది.

"ఫోయింది కదనే మంత్రం," అన్నాడు ఓంప్రకాశ్ నేల మీంచే, పన్ను పోయిన సందులోంచి గాలి పోతుంటే. "ఇగ ఫిల్లను ఆమెకు చూఫియ్యి. సస్తది లేకుంటే."

లచ్చయ్య తల్లి వైపు చూశాడు. భూమవ్వ పిల్లను దించింది. చిట్లిన పెదవి తుడుచుకుని హన్నా చీము తీసింది. మంజుల నోరు తెరిచి కెవ్వుమంది. మంత్రం లేకుండానే.

తర్వాత హన్నా ఓంప్రకాశ్ చిగుళ్లకు కుట్లు వేసి, అలవాటుగా వేరుతో ఊడిన అతని పన్నును ఎర్ర డబ్బాలో వేయబోయింది. అతను లాక్కున్నాడు. గోడ పట్టుకుని బయటికి నడిచి, బడి కప్పు రేకుల మీదికి విసిరాడు. అది గలగలా దొర్లి లచ్చయ్య కాళ్ల ముందు పడింది.

"నువ్వే ఇసురు లచ్చన్నా," అన్నాడు ఓంప్రకాశ్. "నీ చెయ్యి గట్టిది."