మూడు మీద పదోవంతు

"ఒంటిగంటకి నువ్వు పొయ్యి దగ్గర లేకపోతే ఈ కొంప తగలడిపోతుందే, ఎర్సీలియా!"

మా అత్తగారు సెత్తీమియా ఈ మాట అన్నప్పుడల్లా చేతిలోని గరిటెతో గోడ గడియారాన్ని చూపించేవారు. ఆవిడ ప్రభువు సన్నిధికి చేరి ముప్పయ్యేళ్లు దాటింది. అయినా ఈ ఉదయం పూజ ముగించుకొని చర్చి నుంచి వచ్చి, కొత్త వైనూ ఆలివు నూనే పోసి కలిపిన పిండిని వేలంత సన్నగా సాగదీసి, కొసలు కలిపి చిన్న చిన్న వలయాలుగా చుడుతుంటే ఆ గొంతే చెవిలో పలికింది. ఆవిడ నేర్పిన పాళ్లే, ఆవిడ వాడిన బల్లే. బతికినన్నాళ్లూ ములుకులా గుచ్చుకున్న మాట ఇప్పుడు వినబడితే వెనక్కి తిరిగి "ఏమిటత్తయ్యా?" అని అడగాలనిపించడం వయసు చేసే చిత్రం.

ఫ్రాస్కాతిలో మా వంటింటి కిటికీ నుంచి చూస్తే ద్రాక్షతోటల అవతల ప్రయోగశాల కప్పు కనిపిస్తుంది. దాని కింద ఒకప్పుడు ఒక వలయం ఉండేది. నేను చుడుతున్న ఈ బిస్కత్తు ఆకారమే. కాకపోతే చుట్టూ నడిచి రావడానికి రెండు నిమిషాలు పట్టేది. అందులో ఎలక్ట్రాన్లు ఒక దిక్కుగా, వాటి ప్రతికణాలు ఎదురు దిక్కుగా పరిగెత్తి ఢీకొనేవి. ఢీకొన్నచోట పుట్టినవి నిప్పురవ్వల గీతలు గీసి మాయమయ్యేవి. ఆ గీతలను కెమెరాలు ఫిల్ము మీద పట్టేవి. ఆ ఫిల్మును చూడడం మా ఆడవాళ్ల పని.

చీకటి గదిలో తెల్లని బల్ల మీద బొమ్మ పడేది. దీపం వెలిగించే ముందు నేను సిలువ గుర్తు వేసుకొనేదాన్ని. తరవాత ఒక్కొక్క బొమ్మ, జపమాలలో పూసలా, చేతి కింద నుంచి జరిగిపోయేది. పైనుంచి నిటారుగా దిగిన గీత ఆకాశం నుంచి వచ్చిన బాటసారిది, దానికి సున్నా. నడిమధ్య నుంచి విచ్చుకున్న గీతలు మావి. వాటిని లెక్కపెట్టి, కోణం కొలిచి, అచ్చువేసిన పట్టీలో రాయాలి. రెండు వందల బొమ్మలకు ఒకటి మాది అయితే ఆ రోజు అదృష్టం. ఒకే ఫిల్మును ఇద్దరం వేరువేరుగా చూసేవాళ్లం. నా తరవాత పక్క గదిలో యోలాందా చూసేది. ఒకరి పట్టీని మరొకరు చూడకూడదు, మాట్లాడుకోకూడదు. ఆ నియమం నాకు మఠపాఠశాలలోని మౌనవ్రతంలా హాయిగా ఉండేది. ఇంట్లో నా మౌనానికి ఎవరూ విలువ కట్టలేదు. ఇక్కడ అది పనిలో భాగం.

నా భర్త నజ్జరేనో అక్కడే అయస్కాంతాలకు కరెంటు అందించే విభాగంలో పనిచేసేవాడు. "నేను వలయాన్ని నడుపుతాను, మా ఆవిడ బొమ్మలు చూస్తుంది" అనేవాడు నలుగురిలో. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అతడు పోయి తొమ్మిదేళ్లయింది. ఆ హాస్యం మీద కోపం ఎప్పుడో పోయింది గాని, ఎందుకు నవ్వానా అన్న ప్రశ్న మాత్రం పోలేదు.

డెబ్బై నాలుగులో, శరదృతువు నడుమ, ఆఫీసు నుంచి కబురు వచ్చింది. అంతవరకు మధ్యాహ్నం దాకా మాత్రమే ఉండే, ఆర్నెల్లకొకసారి కాగితం మార్చే తాత్కాలికపు కొలువు మాది. ఇక నవంబరు నెలాఖరులోగా స్థిరమైన ఉద్యోగానికి సంతకం చేయాలి, చేస్తే రోజూ సాయంత్రం దాకా ఉండాలి, లేదా మానుకోవాలి.

"సాయంత్రం దాకానా? మరి మధ్యాహ్నం భోజనం?" అన్నారు అత్తగారు, భోజనం అనేది నా శరీరంలోనే ఎక్కడో ఉడుకుతుందన్నట్టు. "పిల్లకి ఐదేళ్లు. అమ్మేదీ అంటే చీకటి గదిలో కూర్చుందని చెప్పనా?"

నజ్జరేనో అరవలేదు. అతడు అరిచే మనిషి కాడు. "చూడు, దేనికైనా ఒక హద్దుంటుంది," అన్నాడు నెమ్మదిగా. "మా కొలతలో వలయం శక్తికి హద్దు మూడు. మూడంటే మూడే. దాటితే తీగలు కాలిపోతాయి. ఇల్లూ అంతే."

ఆ ఆదివారం అతడే వంటింటి బల్ల మీద కూర్చొని నా రాజీనామా రాశాడు. "నీ రాత కోడి కెలికినట్టుంటుందే, నేను రాస్తాలే. నువ్వు సంతకం పెట్టి పదకొండో తారీకు సాన్ మార్తినో పండగలోగా ఇచ్చెయ్." ముత్యాల్లాంటి దస్తూరి అతడిది. 'గృహబాధ్యతల దృష్ట్యా, నా పూర్తి సమ్మతితో' అని ఉంది. నా సమ్మతిని నేను చదివి తెలుసుకొన్నాను. నాలుగు మడతలు పెట్టి ఆప్రన్ జేబులో వేసుకొని తొమ్మిది రోజులు మోశాను. పండగ వచ్చింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది.

పండగనాడు నేలమాళిగలో కొత్త పీపా తెరిచాం. చేస్ట్‌నట్ కాయలు కాలుస్తున్నాను. ప్రయోగశాల నుంచి నజ్జరేనోకు ఫోను వచ్చింది. తిరిగి వచ్చిన మనిషి గ్లాసు ముట్టుకోలేదు.

"అమెరికాలో కొత్త కణం దొరికిందట. ఎక్కడో తెలుసా? మూడు మీద పదోవంతు దగ్గర! ఇన్నేళ్లూ మన గడప అవతలే కూర్చుందమ్మా, కాలు బయటపెట్టి చూడలేదు మనం!"

"పండగపూట కణమేమిట్రా, కూర్చో," అన్నారు అత్తగారు. అతడప్పటికే కోటు వేసుకొన్నాడు.

మూడో రోజు ఉదయం తిరిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం పెళ్లికొడుకులా ఉంది. "పెంచాం, ఎర్సీలియా! హద్దు దాటించాం. నా చేత్తోనే తిప్పాను మీట."

"తీగలు?"

"వేడెక్కాయి. అయస్కాంతాలు మూలిగాయి. అంతే. ఏమీ కాలిపోలేదు." రొట్టె ముక్క కాఫీలో ముంచుతూ గొంతు తగ్గించి, వృత్తి రహస్యం చెబుతున్నట్టు అన్నాడు: "హద్దు రాసేవాళ్లు భయం కొద్దీ ఎప్పుడూ కాస్త తక్కువే రాస్తారు. పనిచేసేవాడికి తెలుస్తుంది ఆ సంగతి."

తాను ఏమన్నాడో అతడు వినలేదు.

"అన్నట్టు ఉత్తరం ఇచ్చావా? పండగ వెళ్లిపోయింది."

"ఇవాళ ఇస్తాను," అన్నాను. ఆ క్షణాన అది అబద్ధం కాదు.

ఆ ఉదయం నా బల్ల మీదికి వచ్చిన ఫిల్ము ఇంకా కడిగిన మందు వాసన వేస్తోంది. సిలువ గుర్తు వేసుకొని దీపం వెలిగించాను. మొదటి బొమ్మ నడుమ నుంచి నాలుగు గీతలు. రాశాను. రెండోది ఆకాశపు బాటసారి. మూడోది ఆరు గీతలు. నాలుగోది రెండు, ఎదురెదురుగా. ఐదోది మళ్లీ ఆరు. పొరపాటున చూసిన బొమ్మనే చూస్తున్నానేమోనని అంకె సరిచూసుకొన్నాను. కాదు. ఏళ్ల తరబడి సున్నాలు రాసిన చేయి సున్నా రాయడానికి సందు దొరకక పరుగెత్తింది. ఆ చీకటిలో, ఆ తెల్లని బల్ల మీద, చిన్నప్పుడు ఈస్టరు జాగరణలో ఒక కొవ్వొత్తి నుంచి మరొకటి వెలిగి చర్చి అంతా నిండిపోయినట్టు, బొమ్మ వెనక బొమ్మ విచ్చుకొంది. నా కళ్ల వెంట నీళ్లు కారాయి; తుడుచుకొంటే గీత ఎక్కడ తప్పిపోతుందోనని తుడుచుకోలేదు.

మా వద్ద ఉన్న పట్టీలు నిండిపోయాయి. వెనకవైపులూ నిండాయి. కొత్త పట్టీలుండే సామాన్ల గదికి తాళం వేసుకొని అక్కడి మనిషి భోజనానికి వెళ్లాడు. గోడ గడియారం ఒంటిగంటకు ఐదు నిమిషాలు చూపుతోంది. దాని పక్కనే అత్తగారి గరిటె కనిపించినట్టయింది. లేవాలి. మడమలు నేలకు ఆనించాను కూడా. ఫిల్ములో ఇంకా అరవై బొమ్మలున్నాయి.

ఆప్రన్ జేబులోంచి ఆ కాగితం తీశాను. మడతలు విప్పి, ముత్యాల దస్తూరిని బల్లకేసి బోర్లించి, వెనకవైపు తెల్లని చోట అరవై బొమ్మలూ కోడి కెలికిన రాతతో రాశాను.

మా భౌతికశాస్త్రవేత్త బెల్లాందీ గారు పట్టీలు తిరగేసి కనుబొమలు ముడివేశారు. "ఇన్నా? నిద్రలో గీశారా సిన్యోరా? ఇంట్లో ఏమైనా గొడవా?"

యోలాందా పట్టీ వచ్చేదాకా నిలబడే ఉన్నాను. ఆమె రాసినదానికీ నేను రాసినదానికీ రెండు బొమ్మల దగ్గర తేడా. రెండే. ఆయన కుర్చీలో కూలబడ్డారు. చివరి కాగితాన్ని చేతిలో తిప్పారు, చదివారు.

"ఇది... మీ రాజీనామానా?"

"అటు కాదండి, ఇటు చూడండి. నేను రాసింది ఇటు."

"సంతకం లేదే."

"పెట్టలేదండి."

ఆయన ఆ కాగితాన్ని మిగిలినవాటితో కలిపి కుట్టారు. ఇప్పటికీ ఎక్కడో ఒక పెట్టెలో అలాగే ఉంటుంది.

ఆ తరవాత ఇరవై ఏళ్లు ఆ పనిలో ఉన్నాను, మనిషి కంటి పని యంత్రాలు తీసుకొనేదాకా. మా వలయం గురించిన వ్యాసంలో మా పేర్లు లేవు. చివర 'ఫిల్ము చూసిన సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఒక ముక్క ఉంది. నాకు దక్కింది వేరే. ఒక చలికాలపు మధ్యాహ్నం బెల్లాందీ గారు జేబులోంచి రెండు చేస్ట్‌నట్ కాయలు తీసి బల్ల మీద ఒకదాని చుట్టూ ఒకటి తిప్పుతూ చెప్పారు: మేము చూసింది ఒక జంటను. క్వార్కు అనే బరువైన మూలకణం ఒకటి, దాని ప్రతిక్వార్కు ఒకటి, ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి; ఆ కొలతలో చూస్తే ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువసేపు. అదే జంట మరికాస్త ఎడంగా తిరిగితే అది ఇంకో కణం.

"జంట అదే కదండీ. ఎడమైతే పేరు మారుతుందా?"

"పేరూ మారుతుంది, బరువూ పెరుగుతుంది సిన్యోరా."

నజ్జరేనోతో నేను గడిపిన మిగిలిన ముప్పై తొమ్మిదేళ్ల గురించి అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

ఉత్తరం వెనక అరవై బొమ్మలూ రాసిన ఆ రోజు ఇల్లు చేరేసరికి నాలుగైంది. అత్తగారు కుర్చీలో జపమాల తిప్పుతున్నారు, పెదవులు బిగించి. పాప బల్ల కింద ఆడుకొంటోంది. నజ్జరేనో చొక్కా చేతులు మడిచి, తడి గుడ్డ భుజాన వేసుకొని నిలబడ్డాడు.

"ఉత్తరం ఇచ్చావా?"

"ఇచ్చాను. బెల్లాందీ గారు రెండు వైపులా చదివారు."

"ఏమన్నారు?"

"రేపటినుంచి సాయంత్రం దాకా ఉంటానని చెప్పాను."

జపమాల ఆగింది. అతడు భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకొన్నాడు.

"పాస్తా ఎవరు వండారు?" అని అడిగాను.

"నేనే," అన్నాడు తల దించుకొని. "నీళ్లు కాస్త పొంగాయి."

పొయ్యి దగ్గరికి వెళ్లి చూశాను. గిన్నె అంచున ఉప్పునీళ్లు తెల్లగా ఎండి ఉన్నాయి. ఏమీ కాలిపోలేదు.