ఇరవై ఏడు డిగ్రీలు

సిమ్యులేషన్ నడుస్తోంది. తెరమీద ఎర్రటి గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకుతోంది. పొయ్యిమీద పాలు పొంగుతాయేమోనని కాపు కాసేవాడిలా అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ప్రతి ఫోనులోనూ ఓ చిన్న సర్క్యూట్ ఉంటుంది. బయటికి పోయే రేడియో తరంగం ఎంత బలంగా ఉందో అది కొలుస్తుంది. దాన్ని డిటెక్టర్ అంటారు. ఆ తరంగంలో ఏ మాట ఉందో, ఎవరు ఎవరికి చెబుతున్నారో దానికి అక్కర్లేదు. బలమెంత, అంతే.

చిప్ తయారు కాకముందే ఆ సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో కంప్యూటర్లో గీత గీసి చూపించడం అతని ఉద్యోగం. చిప్ వచ్చాక దాన్ని నిజంగా కొలిచి, ఆ గీత పక్కన చుక్కలు పెట్టడం కింది అంతస్తు ల్యాబులో ఉండే ఆవిడ ఉద్యోగం. అందుకే ఆఫీసులో అతను గీతాయన, ఆవిడ చుక్కలావిడ.

చుక్కలు గీతమీద పడాలి. తరంగం బలంగా ఉన్నంతసేపూ బుద్ధిగా పడతాయి. బలం తగ్గేకొద్దీ గీతను వదిలేసి పక్కకు జరుగుతాయి. అప్పుడతను కాగితం పట్టుకుని మెట్లు దిగాలి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఆ ఎడం ఎందుకొచ్చిందో వెతకాలి. కేబుల్ మారుస్తారు. కనెక్టర్ తుడుస్తారు. టీ తాగుతారు. ఏళ్ళు ఇలాగే గడిచాయి.

కారణం అతనికి తెలుసు.

ఎవరూ వేరే చెప్పకపోతే, గీత గీసే ఆ సిమ్యులేటర్ ప్రోగ్రాము, గది వేడి ఇరవై ఏడు డిగ్రీలనుకుంటుంది. కింద ల్యాబేమో మంచుగడ్డ. బలహీనమైన తరంగాల దగ్గర ఆ కాస్త తేడాకే డిటెక్టర్ తడబడుతుంది. చాలాకాలం కిందట ఓ మధ్యాహ్నం అతను ఆ అంకెను తగ్గిస్తూ పోయాడు. ఇరవై ఒకటి దగ్గర గీత వెళ్ళి చుక్కలన్నిటిమీదా పడుకుంది. కాసేపు చూశాడు. మళ్ళీ ఇరవై ఏడు చేసేశాడు. చిప్పులు కొనేవాళ్ళకు అన్ని వేడిమిలకూ లెక్కలు వేరే కట్టి పంపేవాడు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఎడం పోతే మాత్రం మెట్లు దిగే పని పోతుంది.

ఇవాళ ఆవిడకు ఆఖరి రోజు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. వేరే ఊళ్ళో చెల్లెలుంది. పోయిన వారం కేబుల్ చుడుతూ, "చెల్లెలు రమ్మంటోందండీ. ఇక్కడ నన్నాపేవాళ్ళు మాత్రం ఎవరున్నారు లెండి," అంది. అతను కనెక్టర్ తుడిచాడు. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు.

ఈ సంగతి ఇంట్లో అక్కకు చెప్పడమే పొరపాటయింది. పొద్దున అన్నం డబ్బా మూత బిగిస్తూ మొదలుపెట్టింది.

"ఇవాళైనా నోరు విప్పుతావా?"

"ఏం చెప్పాలక్కా?"

"అదీ నేనే చెప్పాలట్రా? వెళ్ళకండి అను. నాలుగక్షరాలు. భయమైతే ముందు కంప్యూటర్లో పెట్టి చూసుకుని అను."

మధ్యాహ్నం అతను ఇరవై ఏడు చెరిపి ఇరవై ఒకటి కొట్టాడు. గీత చుక్కలమీంచి సాఫీగా సాగింది. దాన్ని ప్రింటు తీశాడు. ఇది చూపించి, ఇన్నాళ్ళూ ఎందుకు మార్చలేదో చెబితే చాలు. మిగతాది ఆవిడకే అర్థమవుతుంది.

ల్యాబులో పరికరాలన్నిటికీ ముసుగులు వేసేశారు. ఆవిడ ఎప్పటిలాగే చేతులు చంకల్లో దాచుకుని వణుకుతోంది. వెనక గోడమీద, మేకుకు, ఆవిడ బూడిదరంగు స్వెటర్. అది ఎప్పుడూ అక్కడే. వేసుకోవచ్చు కదా అని అతను ఎన్నిసార్లు అడిగినా, "అలవాటైపోయింది లెండి," అనేది.

"ఇవాళ కూడా అలిగాయా చుక్కలు?" అంది నవ్వుతూ.

"లేదు. చూడండి."

కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. మొహంలో నవ్వు కొద్దికొద్దిగా తగ్గింది.

"అన్నీ పడ్డాయి."

"పడ్డాయండి."

"ఏం మార్చారు?"

"ఒక్క అంకె."

ఆవిడ తలెత్తింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

అతను పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆవిడ కళ్ళు.

"ఇవాళే," అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి మడిచింది. "అలాగా. ఇవాళేనా." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "ఇన్నేళ్ళూ మీరు చాలా తెలివైనవారనుకున్నానండీ."

నవ్వింది. అతనూ నవ్వాడు, ఏం చెయ్యాలో తోచక.

బయట కారు హారన్ మోగింది. ఆవిడ మేకుమీంచి స్వెటర్ తీసి తొడుక్కుంది. మెడదాకా గుండీలు పెట్టుకుంది. "మీ అక్కగారిని అడిగానని చెప్పండి," అని సంచి భుజాన వేసుకుంది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. అతను పెదవి తడుపుకున్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. తలుపు తనంతట తనే మెల్లగా మూసుకుంది.

అప్పుడు అతను గోడవైపు చూశాడు.

మేకు ఖాళీగా లేదు. గీతమీదకు చుక్కలు ఎందుకు రావడంలేదో వెతుకుతూ ఇన్నేళ్ళూ ఆ గదిలో తిరిగినవాడు దాన్నొక్కసారీ చూడలేదు. చూడనివ్వకుండా స్వెటర్ అడ్డం ఉండేది. ఆవిడ చలికి వణికేది గాని, దాన్ని అక్కణ్ణుంచి తీసేది కాదు.

పరుగున వీధి గుమ్మంలోకి వెళ్ళాడు. కారు మలుపు తిరిగిపోయింది. కాసేపు నిలబడి, మళ్ళీ ల్యాబులోకి వచ్చి, ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు.

ఎదురుగా గోడమీద, మేకుకు వేలాడుతున్న థర్మామీటరు గాజు గొట్టంలో సన్నటి ఎర్ర గీత, ఇరవై ఒకటి దగ్గర, కదలకుండా నిలబడి ఉంది.