అన్నిటికన్నా పొడుగు పట్టీ

భాస్కర్ నా సొమ్ము దొంగిలించలేదు. నాతో అబద్ధం కూడా ఆడలేదు. నోరు మూసుకుని నిలబడ్డాడు, అంతే. ఆ మూసుకున్న నోటిని నేను చచ్చేదాకా క్షమించను.

అతను మా పాల కంపెనీలో సూపర్‌వైజరు. ఆఫీసు జనగామలో. రఘునాథపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న పాల కేంద్రాలన్నీ అతని కిందే. మా ఊరి కేంద్రం నాది. అయిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, నాకు దొరికిన గౌరవమైన పని అదొక్కటే. పాలు పోయించుకోవడం, వెన్న ఎంతుందో మిషన్లో చూడడం, క్యాన్లు వ్యానెక్కించడం. భార్య పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. పొద్దున పాల దగ్గరికి జనం వస్తారు, పోస్తారు, పోతారు. ఆ తర్వాత మిషను, నేను.

అందరికన్నా చివర వచ్చేది లచ్చమ్మవ్వ. ఆమెకు ఉన్నది ఒక్క బర్రె. వాగు అవతలి నుంచి, నొప్పుల మోకాళ్ళతో నడిచి రావాలి. వ్యాను వచ్చి హారన్ కొడుతున్నా, ఆమె వచ్చేదాకా ఆఖరి క్యాను మూత పెట్టేవాణ్ణి కాదు. డ్రైవర్ నగేష్‌ది రోజూ ఒకటే గొడవ.

"ఐలన్నా, పోదామా? గామె వచ్చేసరికి క్యాన్ల పాలు పెరుగైతయ్."

"జర ఆగరాదు. బీడి తాగు."

"గామె కోసం బీడీలు తాగి తాగి, గామె కన్న ముందు నేనే పోతనే."

వ్యాను కదిలాక అవ్వ గడప మీద కూర్చుని, కాళ్ళు ఒత్తుకుంటూ, "ఏం వండుకున్నవ్ బిడ్డా?" అని అడిగేది. రోజు మొత్తంలో నన్ను ఆ మాట అడిగే మనిషి ఆమె ఒక్కతే.

ఎండలు ముదరకముందు కేంద్రాల వాళ్ళందరినీ జనగామ పిలిచారు. ఆఫీసు గోడకు పెద్ద టీవీ తగిలించి ఉంది. శైలజ అని కొత్తగా చేరిన అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, లెక్కలన్నిటినీ రంగు పట్టీలుగా చేసి చూపిస్తోంది. చెప్పేది ముప్పావు వంతు ఇంగ్లీషు. మొదట పట్టీలన్నీ కలగాపులగంగా ఉన్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆమె ఏదో నొక్కింది. పట్టీలు బతికున్న వాటిలా కదిలి, పొడుగువి పైకెక్కాయి, పొట్టివి కిందికి జారాయి. మెట్ల మాదిరి వరస కుదిరింది. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పొడుగ్గా ఒక పట్టీ. పక్కన ఇంగ్లీషులో ఊరి పేరు. నాకు ఇంగ్లీషు రాదు, నిజమే. కానీ ఇన్నేళ్ళు మా క్యాన్ల మీద చూస్తున్న అక్షరాలను గుర్తుపట్టలేనా? అది మా ఊరు.

మా దగ్గర పైన ఉన్నవాడే పెద్ద. నాలుగు రోడ్ల దగ్గర ఫ్లెక్సీ కడితే, పైన పెద్ద మొహం ఎవరిదో వాడే నాయకుడు. కింద గోరంత మొహాలు మాలాంటి వాళ్ళవి. పెళ్ళి చదివింపుల్లో మైకులో మొదట వినపడే పేరు కూడా పెద్దింటిదే. నా పేరు నేనెప్పుడూ మొదట వినలేదు.

పక్కనే భాస్కర్ నిలబడి ఉన్నాడు. మోచేత్తో పొడిచాను.

"భాస్కర్, పైనున్నది మాదే గద?"

అతను టీవీ వైపు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"మీదే అన్నా."

"అందరికన్న పొడుగు?"

"పొడుగే అన్నా."

అంతే. ఆ తర్వాత ఎవరో లేచి, మంచి కేంద్రాలకు కంపెనీ పాలు చల్లబరిచే పెద్ద కూలర్ ఇస్తుందని, గది, కరెంటు మాత్రం ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలని చెప్పారు. ఖర్మ, ఆ మాట మాత్రం తెలుగులో చెప్పారు.

ఊరికి వచ్చి నబీసాబ్ హోటల్లో అందరికీ చాయ్ చెప్పాను.

"ఏంది ఐలన్నా, గిట్ల చాయ్‌లు పోయిస్తున్నవ్, సర్పంచుకు నిలవడుతున్నవా?"

"జనగామ టీవీల పడ్డ సాబ్. అందరికన్న పైన నేనే."

"గట్లయితే ఉత్త చాయ్ ఏంది, బిస్కెట్ గుడ చెప్పు!"

లచ్చమ్మవ్వకు చెబితే బోసినోటితో నవ్వింది. "గా పొడుగుల నా పాలు గుడ ఉన్నయా బిడ్డా?" అంది.

"ఉన్నయవ్వా, నీయి గుడ ఉన్నయ్," అన్నాను.

మా నాయిన సంపాదించిన మెట్ట చెలకను మానుకోట ఆసామి ఒకతను ఎప్పటినుంచో అడుగుతున్నాడు. బయానా తీసుకుని, కేంద్రం పక్కన గదికి పునాది తీయించాను. కూలీల పక్కన నేనూ మట్టి మోస్తుంటే భాస్కర్ బండి ఆపాడు.

"గిదేంది అన్నా?"

"కూలర్ పెట్టెతందుకు. చెలక అమ్ముతున్న."

అతను హెల్మెట్ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"కంపెనీ కాయితం వచ్చినంక కట్టరాదే. గంత తొందరేంది?"

"పైనున్నోనికి ఇయ్యక, కిందున్నోనికి ఇస్తరా?"

తల దించుకుని, బిందెలో నీళ్ళు తాగి పోయాడు. కడుపుమంట అనుకున్నాను. అప్పటికి రిజిస్ట్రేషన్ కాలేదు. ఆ పూట ఒక్క మాట చెప్పి ఉంటే బయానా మొహాన కొట్టి భూమి నిలుపుకునేవాణ్ణి.

రిజిస్ట్రేషన్ అయింది. స్లాబు పడింది. ఒకరోజు పొద్దున వ్యాను మా కేంద్రం ముందు నుంచి ఆగకుండా పోయింది. కేక వేస్తే నగేష్ దూరంగా ఆపి, దిగి వచ్చాడు. కళ్ళలోకి చూడలేదు.

"మీ సెంటర్ బంద్ చేసిన్రట అన్నా. పాలు పక్క ఊర్ల పోయమన్నరు. భాస్కర్ సార్ చెప్పలేదా?"

దొరికిన బస్సుకే జనగామ పోయాను. భాస్కర్ సీట్లో లేడు. శైలజ నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, ఆ పట్టీలే మళ్ళీ తెరిచింది. మంచి పిల్లే, ఆమెది తప్పని నేనెందుకు అనాలి.

"గిది ఆలస్యం చూపించేది అంకుల్. పాలు పోసినప్పటి నుంచి గిక్కడికి చేరేదాక ఎంత సేపు పడుతుందో చూపిస్తది. పొడుగుంటే మంచిది కాదు. అందరికన్న ఎక్కువ ఆలస్యం మీదే."

"మరి పైనెందుకు పెట్టినవ్ బిడ్డా?"

"ఎక్కువ నుంచి తక్కువకు పెట్టిన. చూడండి, తిప్పి గుడ పెట్టొచ్చు."

నొక్కింది. మా ఊరు పైనుంచి అడుక్కు పడింది. పట్టీ పొడుగు మాత్రం వెంట్రుకంత కూడా తగ్గలేదు.

"ఎట్ల పెట్టినా లెక్క గదే అంకుల్. జాగనే మారుతది."

బయటికి వస్తే భాస్కర్ బండి దగ్గర దొరికాడు.

"ఎందుకు చెప్పలేదురా?"

"ఎట్ల చెప్పాలె అన్నా? వదిన పోయినంక నువ్వు నవ్వంగ గా దినమే చూసిన. నోరు రాలే."

"మరి పునాది కాడ నేను నవ్వుతలేను గదరా. మట్టి మోస్తున్న."

అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. బండి తీశాడు.

ఇప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాను. గని కార్మికుల క్వార్టర్లలో తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేస్తాను. తలుపు సందులోంచి ఒక చెయ్యి వస్తుంది, ప్యాకెట్ తీసుకుంటుంది, తలుపు పడుతుంది. ఆలస్యమైతే ఫోన్ చేస్తారు. అందుకే ఎవరి కోసమూ ఆగను. ఆగడానికి ఎవరున్నారు కనుక?

మొన్న ఊరికి పోతే, నేను కట్టించిన గది అరుగు మీద లచ్చమ్మవ్వ కూర్చుని ఉంది. పక్క ఊరిదాకా నడవలేక బర్రెను అమ్మేసిందట.

"మనది మంచిగుండె గద బిడ్డా, ఎందుకు మూసిన్రు?" అని అడిగింది.

"కంపెనోళ్ళ ఇష్టం అవ్వా," అన్నాను. వ్యాను రోజూ ఎవరి కోసం ఆగిందో చెప్పలేదు. అది వేరు సంగతి. భాస్కర్ చేసిందీ నేను చేసిందీ ఒకటి కాదు.

నాకు ఆ ఖాళీ గది మిగిలింది. పోయింది మా నాయిన చెలక, ఎకరం పదిహేడు గుంటలు.