మైనంలో పొదిగిన ముక్క

బట్టలు కుట్టి బతికే ఆ తల్లికి కూతురు ఒక్కతే. కిందటేడు ఆ పిల్ల కాలేయంలో కణితి కోసి తీసేటప్పుడు, "చిన్న ముక్క పరిశోధనకి పంపుతామమ్మా, నలుగురికీ మంచిది" అన్నారు. బిడ్డ కత్తి కింద ఉండగా కాదనే తల్లెవరు? తలూపింది.

ఇప్పుడు జబ్బు తిరగబెట్టింది. కొత్త మందు పనిచేస్తుందో లేదో పాత ముక్కను పరీక్షిస్తే తెలుస్తుందన్నాడు డాక్టరు. పిల్లకి రక్తం సరిగా గడ్డకట్టడం లేదు, కొత్త ముక్క కోసం కాలేయంలో సూది గుచ్చితే ప్రాణం మీదికి రావచ్చట. తల్లి ఆ ముక్కలు దాచే ల్యాబుకి పరుగెత్తింది.

అక్కడి అధికారిణి కంప్యూటర్లో వెతికి, కళ్ళద్దాలు తీసింది.

"మొత్తం విదేశానికి పంపేశామమ్మా. ఇక్కడేం మిగల్లేదు."

"చిన్న ముక్కన్నారు కద మేడమ్! వెనక్కి తెప్పించండి, గోరంతైనా చాలు."

"పేర్లు తీసేసి పంపుతాం. వేలల్లో మీ అమ్మాయిదేదో వాళ్ళకీ తెలీదు. అది మీ గుట్టు కాపాడడానికే."

"గుట్టెవరికి కావాలి మేడమ్? నాకు పిల్ల కావాలి!"

కాళ్ళ మీద పడబోతే అధికారిణి పట్టుకుని లేపింది. "కొంత ఇక్కడ ఉంచాల్సింది. మాదే తప్పు" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి కూతురే తెగించింది. "ఊరికే పోయేకంటే గుచ్చించుకుని చూద్దామే అమ్మా. కత్తెర పట్టినప్పుడు నీ చెయ్యెప్పుడైనా వణికిందా?" అని నవ్వబోయి దగ్గింది.

సూది దింపాక కడుపులో రక్తం కారింది. సంచి మీద సంచి రక్తం ఎక్కిస్తే ఎప్పటికో ఆగింది. మందు సరిపోతుందని ఫలితం వచ్చేసరికి, దాన్ని తట్టుకునే సత్తువ పిల్లలో లేదు. వారం తిరక్కుండా కన్నుమూసింది.

కొన్నాళ్ళకి ఆ అధికారిణే కుట్టుకొట్టుకి వచ్చింది. రెండోసారి తీసిన ముక్కలో కాస్త మిగిలిందట. "ఈసారి అడక్కుండా పంపను. మీరేమంటారు?"

తల్లి మిషను ఆపింది. "దాంతో మందు కనిపెడితే మాలాంటోళ్ళకి అందుతుందా?"

"చెప్పలేనమ్మా."

"అయితే నాకిచ్చెయ్యండి."

మర్నాడు, చెడిపోకుండా ల్యాబువాళ్ళు మైనపు బిళ్ళలో పొదిగిన ఆ ముక్కను కొంగున కట్టుకుని, కూతుర్ని పూడ్చిన చోటికి వెళ్ళింది. చేతులతోనే మట్టి తవ్వింది.