ధనంజయ నోటి తేనె

మామిడిగుజ్జు ఫ్యాక్టరీవాళ్లు బొగ్గుతో నడిచే పెద్ద బాయిలరు పెట్టాలనుకున్నారు. జనం అభిప్రాయం తెలుసుకునేందుకు అధికారులు బంగారుపాళ్యంలో సభ పెట్టారు. ఫ్యాక్టరీ తరఫున మాట్లాడేదానికి తిరుపతి నుంచి ధనంజయ వచ్చాడు. లాడ్జి హాళ్లలో వ్యక్తిత్వ వికాసం పాఠాలు చెప్పుకుని బతికే మనిషి. ఏ ఎండకా గొడుగు పట్టడమే ఆయన విద్య.

నాయన చెంగల్రాయుడి పక్కన కూర్చున్న కోమలికి ఆ ఇస్త్రీ చొక్కా, నుదుటి నామం చూడగానే ఒళ్లు మండింది. తడిగుడ్డతో గొంతు కోసే రకం అనుకుంది.

ధనంజయ మైకు అందుకున్నాడు. "ఎండలు పెరిగినాయంట! చెప్పిందెవరు? చలిదేశాల్లో కోట్లేసుకుని కూర్చున్నోళ్లు! రాయలసీమ బిడ్డలకా ఎండ చూపించి భయపెట్టేది?"

చప్పట్లు, ఈలలు. ఎండకు పిందెలు రాలి నెత్తిన గుడ్డేసుకున్న రైతులే ఈల వేస్తున్నారు. కాస్త పొగిడితే చాలు, ఎంత నష్టమైనా మరిచిపోయే జనం! కోమలికి వాళ్లన్నా రోత పుట్టింది. లేచి నిలబడింది.

"అయ్యా, మా తోతాపురి మామిడి తోటలో ఏటా పూత మాడిపోతా ఉండాది. ఇంకా బొగ్గు కాలిస్తే ఎండ ఇంకా ముదరదా?"

ధనంజయ జాలిగా నవ్వాడు. "మాడిందని అపశకునం ఎందుకు తల్లీ? చెట్టు విశ్రాంతి తీసుకుంటా ఉండాది అను."

"పండుకున్నోళ్లు లేస్తారు. రాలిన పిందె లేస్తాదా?"

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. ధనంజయ మొహం ముడుచుకుంది. అంతలోనే రెండు చేతులూ పైకెత్తాడు.

"ఎండా ఆ స్వామిదే, వానా ఆ స్వామిదే! నమ్మకం లేనోళ్లకే ఈ భయాలు. గోవిందా!"

"గోవిందా! గోవిందా!" హాలంతా మోగిపోయింది. చెంగల్రాయుడు కూడా కళ్లు మూసుకుని చేతులెత్తాడు. ఇంక నోరు తెరిస్తే దేవుడికి ఎదురు మాట్లాడినట్టే. బొగ్గు పొగకు ఏడుకొండలవాణ్ణే అడ్డం పెట్టుకున్నాడే అనుకుంది కోమలి.

అభ్యంతరాలున్నాయా అని అధికారి అడిగితే చెయ్యెత్తింది ఆమె ఒక్కతే.

"ఏం మాట్లాడినాడమ్మా! ఆయన చెప్తా ఉంటే మన పూత మాడినట్టే అనిపించలా" అన్నాడు చెంగల్రాయుడు బయటికొచ్చాక. బాయిలరుకు అనుమతి వచ్చింది.

మరుసటి వేసవికి అదే హాల్లో ఇంకో సభ జరిగింది. పూతను ఎండ నుంచి కాపాడే మందు అమ్మే కంపెనీ పెట్టింది. మైకు ముందు మళ్లీ ధనంజయే.

"భూమాత జ్వరంతో కాగిపోతా ఉండాది అన్నలారా! ఎండలు ముందుమాదిరి లేవు. కళ్లుండీ చూడనోళ్లను ఏమనాల?"

చప్పట్లు. ఆ చేతులే, ఆ ఈలలే. కోమలికి కోపం కూడా రాలేదు. ఉమ్మేయాలనిపించింది. నాయన ఎక్కడ చప్పట్లు కొడతాడోనని చూడకుండానే లేచింది.

చెంగల్రాయుడు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"పోదాం పామ్మా," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "కరెంటు వచ్చే టైమయింది. చెట్లకు నీళ్లు కట్టాల."