సంతకం లేని చేబదుళ్లు

మా పోలీసుల సహాయ సంఘానికి పద్దెనిమిదేళ్లుగా కోశాధికారిని నేనే. ఆఫీసంటే స్టేషన్ వెనక సైకిల్ షెడ్డు పక్కనున్న గది, అందులో ఒక బల్ల, తలుపు సరిగా పడని బీరువా. సభ్యుడెవరైనా సర్వీసులో ఉండగా పోతే అతని ఇంటికి ఆరు నెలల జీతం ఇవ్వాలి. సంఘం పెట్టిందే అందుకు.

మొదట్లో నూట అరవై మందిమి, ఇప్పుడు డెబ్బై. జీతాలు పెరిగాయి, చందా పెరగలేదు. పెంచుదామని ఏటా నేను లేచి చెప్పేవాణ్ణి. గుంపులోకి లాఠీతో ముందుకురికే వీరులంతా అప్పుడు చెప్పులు వెతుక్కునేవాళ్లు. అయినా ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లమే. కొంప ముంచింది చేబదుళ్లు. పిల్ల ఫీజనో, ఇంటి కప్పనో మావాడొచ్చి అడిగితే సంఘం డబ్బు తీసి ఇచ్చేశాను. కాగితం రాయించుకోలేదు. కోడి పోయిందని వచ్చినవాడి చేత కూడా నాలుగుచోట్ల సంతకం పెట్టించుకుంటాం. మావాణ్ణి సంతకం అడిగితే మాత్రం దొంగ అన్నట్టే లెక్క. ఆ దిక్కుమాలిన మర్యాదే మమ్మల్ని ముంచింది.

మొన్న జీపు డ్రైవరు పోయాడు. గుండెనొప్పితో స్టీరింగు మీదే ఒరిగిపోయాడు. ఒక్క నెల చందా ఎగ్గొట్టని మనిషి. బ్యాంకులో సంఘం ఖాతా చూస్తే అతని పదకొండు రోజుల జీతమంత ఉంది.

అందరికంటే ఎక్కువ తీసుకున్నది మా పాత అధ్యక్షుడు, మీసాలాయన. రిటైరై మేడ కట్టుకున్నాడు. వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"ఇచ్చానంటున్నావు. రుజువేదీ?" అన్నాడు.

"మీ చేతిలోనే పెట్టాను కద సార్!"

"సాక్షి ఎవరు?"

కోపంగా కూడా కాదు, మామూలుగా అడిగాడు. నాకు ఒళ్లు మండింది, లేచి వచ్చేశాను. మిగతావాళ్లలో ఇద్దరు ఫోనెత్తలేదు, ఒకడు ఏడ్చాడు.

వారం తిరక్కుండా డ్రైవరు భార్య వచ్చింది. రెండు నెలల అద్దె బాకీ, ఇల్లుగలాయన ఆదివారం దాకా గడువిచ్చాడట. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా జీతంలోంచి నెలనెలా కొంత ఇస్తానన్నాను. తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

"పిల్లాడికి బూట్లు కొనమన్నా ముందు చందా కట్టాలనేవారు అన్నయ్యా," అంది. "మరి దీనికి ఫిర్యాదు ఇవ్వాలంటే ఎవర్ని కలవాలి?"

మా స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునేది నేనే. ఆ మాట ఆవిడకెలా చెప్పను?