గాలి మూతికి రవికగుడ్డ

నేను ఒక డీజిల్ ఇంజన్ని. ఒకటే సిలిండరు, ఐదు గుర్రాల సత్తువ. ఓపిక మాత్రం మేకపిల్లకున్నంత కూడా మిగల్లేదు. మనుషుల మధ్య బతికి ఎలా మిగులుతుంది?

గంగిరెడ్డి చీనీతోటలో, అదే బత్తాయితోటలో, పదేళ్లు నీళ్లు తోడాను. కరెంటు మోటారు రాగానే మొహమాటమైనా లేకుండా నన్ను అనంతపురంలో ఇంజనీరింగు కాలేజీకి అమ్మేశాడు. వీళ్లు ఒళ్లంతా వైర్లు తగిలించి, పొగగొట్టానికి మీటరు బిగించి, డీజిలుకు బదులు కానుగనూనెతో చేసిన ఇంధనం పోశారు. మొదట్లో మొండికేశాను గానీ, నిజం చెప్పొద్దూ, నా పొగ పలచబడింది. ప్రాణం హాయిగా ఉంది.

ఇదంతా ఇక్కడ పరిశోధన చేస్తున్న నాగవేణి అనే పిల్ల కష్టం. నూనె ఎంత కలపాలి, ఏ క్షణాన చిమ్మాలి, వదిలిన పొగలో ఎంత మళ్లీ నాలోకి తిప్పాలి, అన్నీ నాలుగేళ్లు కూర్చుని తేల్చింది. ఇక బయటినుంచి పరీక్షకుడొచ్చి నా పొగ చూసి సరేనంటే డాక్టరేటు. కాదంటే నాలుగేళ్లూ గంగలో కలిసినట్టే.

దసరా సెలవులిచ్చే ముందే, సరిగ్గా పరీక్షకు ముందురోజు, కాలేజీలో ఆయుధపూజ పెట్టుకున్నారు. "ఇంజనుకు పూజ చెయ్యమ్మా, అడ్డంకులు పోతాయి" అన్నాడు ఆమె గైడు శేషఫణి సారు. పిల్ల పసుపు పూసింది, బొట్టు పెట్టింది, బాగానే ఉంది. ఆ తర్వాత కొత్త రవికగుడ్డ మూడు మడతలేసి ఎక్కడ కట్టిందనుకున్నారు? నేను గాలి పీల్చే మూతికి! ఆ పైన బంతిపూల దండ. అమ్మా తల్లీ, ముక్కు మూసి దండం పెడతారా ఎవరైనా?

మర్నాడు పరీక్షకుడి ముందు నన్ను తిప్పగానే నల్లటి పొగ గుప్పుమంది. మీటరు ముల్లు పైకి దూకింది. "చెట్టు నూనెతో ఇంతేనమ్మా, నేను ముందే అనుకున్నా" అన్నాడు శేషఫణి. ఎప్పుడనుకున్నావయ్యా, పూజ చేస్తే అడ్డంకులు పోతాయని నిన్న అన్నది నువ్వే కదా! నాగవేణి ఇంధనం మార్చింది, ఇంజెక్టరు విప్పింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ గొట్టాలన్నీ తడిమింది. మూతి జోలికి మాత్రం పోదు. దేవుడి గుడ్డాయె! పక్కనే ఉంది చూడవే అని దడదడమని కొట్టుకుంటున్నాను. వింటేగా!

చివరికి పరీక్షకుడు కుదరదని రాయడానికి పెన్ను తీశాడు. అప్పుడు ఆమె కళ్లు గుడ్డ మీద పడ్డాయి. అది నా పీల్పుకు లోపలికి గుంజుకుపోయి ఉంది. "అయ్యయ్యో!" అంటూ దండతో సహా లాగి పారేసింది. గుండెనిండా గాలి పీల్చాను. పొగ తేలిపోయింది, ముల్లు దిగింది.

"చూశారా, పూజ ఊరికే పోలేదు" అన్నాడు శేషఫణి. పరీక్షకుడు నవ్వి తలూపాడు. ఆమె నోరు మూసుకుంటే సరిపోయేది. ఎక్కడ నిజం చెప్పేస్తుందోనని నాకే భయమేసింది.

"లేదు సార్. గాలి మూతికి నేనే గుడ్డ కట్టినా. తప్పు నాది. నూనెదీ కాదు, ఇంజనుదీ కాదు" అంది.

పరీక్షకుడు ఆ మాట కూడా ఆమె పరిశోధన పుస్తకంలో రాయమని చెప్పి సంతకం పెట్టాడు. నేను ఆగినప్పుడల్లా తన్నినవాళ్లనే చూశాను ఇన్నేళ్లూ. నా పక్కన నిలబడి తప్పు నాదన్న మనిషిని చూడటం అదే మొదలు.